పండుగ ఇంట వెలితి: క్రైస్తవ విశ్వాసమున దుఃఖోపశమనము

డిసెంబరు మాసము ప్రవేశించుసరికి నిజాంసాగర్ చుట్టుపట్ల పల్లెలకు కొంత తీరిక చిక్కును. వానకాలపు వరికోతలు ముగిసి కల్లములు ఖాళీయగును. యాసంగికి కాలువ నీరు ఎప్పుడు విడుతురన్న మాట రచ్చకట్టలపై వినబడును. ఈ దినములలోనే క్రైస్తవ కుటుంబముల ఇండ్లపై నక్షత్రదీపములు వెలుగును. చలిరాత్రులయందు పాటల బృందములు డోలకు, తాళములతో ఇంటింటికి తిరుగును. బాన్సువాడ బజారులో కొత్తబట్టల బేరములు సాగును. అరిసెల పాకము వాసన వాడంతయు వ్యాపించును.

అయితే ప్రతి యూరను ఒకటి రెండిండ్లపై ఆ యేడు నక్షత్రము వెలుగదు. ఆ యింట ఆ సంవత్సరమున ఒకరు కన్ను మూసినారు. ప్రతియేట నిచ్చెన యెక్కి దీపము కట్టిన తండ్రి లేడు. లేదా పిండివంటలకు పాకము చూచిన తల్లి లేదు. లేదా కొత్తచొక్కా కొరకు మారాము చేసిన బిడ్డడు లేడు. పాటల బృందము ఆ గుమ్మము ముందుకు వచ్చి, పాడవలెనా, మానవలెనా అని సందేహించి నిలుచును. లోపలివారు తలుపు తీయవలెనా, వలదా అని తటపటాయింతురు.

మేము రేడియోలో పనిచేయువారము. క్రిస్మస్ కార్యక్రమమును కూర్చునపుడు ఉత్సాహగీతములను, బాలల నాటికలను, శుభాకాంక్షలను వరుసగా అమర్చుకొందుము. ఆ శబ్దమంతయు సంతోషముగానున్న ఇంటికే గాక, వెలితిపడిన ఇంటికిని చేరునన్న సంగతి పనితొందరలో మరతుము. కావున ఈ ప్రసంగమును ఆ రెండవ ఇంటివారిని తలచుకొని వ్రాయుచున్నాము. వారిని బాధించు ప్రశ్నలు రెండు. దుఃఖములోనున్నవారు పండుగ చేయవచ్చునా? విశ్వాసము గలవారు ఏడ్చుట అవిశ్వాసమగునా?

పండుగనాడు దుఃఖము ఏల హెచ్చును?

మామూలు దినములలో పని మనస్సును లాగుకొనిపోవును. నాట్లు, కోతలు, కొలువు, బడి, వంట — వీని నడుమ దుఃఖము అణగియుండును. పండుగ అట్టిది కాదు. ఏటేట అదే దినమున, అదే పాట, అదే వాసన, అదే వరుస. ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పని ఏర్పడియుండును. ఒకరు లేనపుడు ఆ పని చేయువారు లేక, ఆ వెలితి కంటికి కనబడును. విస్తళ్లు లెక్కపెట్టునపుడు అలవాటు కొలది ఒకటి ఎక్కువ వేసి, మరల తీయవలసివచ్చిన క్షణము ఎంత కఠినమైనదో అనుభవించినవారికే యెరుక. మానసిక శాస్త్రజ్ఞులును ఈ విషయమును గుర్తించినారు. పుట్టినరోజు, వర్ధంతి, పండుగ వంటి దినములు సమీపించుకొలది, మానినదనుకొన్న గాయము మరల సలుపుట సహజమనియు, అది బలహీనతకు గుర్తు కాదనియు వారు చెప్పుచున్నారు.

మన తెలుగునాట మరణము జరిగిన ఇంట ఏడాది తిరుగువరకు పండుగ చేసికొనరాదన్న వాడుక కలదు. క్రైస్తవ కుటుంబములలోను పెక్కురు ఈ వాడుకను పాటింతురు. బైబిలులో ఇట్టి నియమము లేదు. ఇది మతముకన్న ముందుగా ఊరినుండి వచ్చిన ఆచారము. దీనిని తేలికగా త్రోసివేయ నక్కరలేదు. దుఃఖములోనున్న ఇంటికి విశ్రాంతి నిచ్చుట దీని ప్రయోజనము. “ఈ యేడు మీరు నవ్వులు తెచ్చిపెట్టుకొన నక్కరలేదు” అని ఊరందరు ఇచ్చిన సెలవు ఇది. కాని సెలవు వెలిగా మారకూడదు. పండుగ లేదు గదా అని ఆ గడప ఎవరును త్రొక్కకపోయినచో, ఆదరించుటకై పుట్టిన ఆచారము ఒంటరితనమునకు కారణమగును. ముఖ్యముగా భర్తను కోల్పోయిన స్త్రీ విషయమున ఈ జాగ్రత్త అవసరము. శుభకార్యములకు ఆమె ఎదురు రాకూడదను మాట క్రీస్తు సువార్తలో ఎక్కడను లేదు. నాయీను అను ఊరి వెలుపల ఒక విధవరాలి ఏకైక కుమారుని పాడె ఎదురైనపుడు యేసు ఆమెపై కనికరపడి, దగ్గరకు పోయి పాడెను ముట్టెనని లూకా వ్రాసినాడు.

క్రిస్మస్ కథలోని కన్నీరు

క్రిస్మస్ అనగానే మనకు గొఱ్ఱెల కాపరులు, దేవదూతలు, తూర్పుదేశపు జ్ఞానులు తలపునకు వత్తురు. కాని ఆ కథను తుదివరకు చదివినవారికి దానిలో దుఃఖమునకు ఎంత చోటున్నదో తెలియును. శిశువును దేవాలయమునకు తీసికొనిపోయిన దినముననే వృద్ధుడైన సుమెయోను ఆ తల్లితో ఆమె హృదయమున ఖడ్గము దూసికొనిపోవునని చెప్పెను. అది పురిటివాసన యింకను తీరని తల్లి విన్న మాట. పిమ్మట హేరోదు రాజు బేత్లెహేములోని పసిబిడ్డలను చంపించెను. మత్తయి ఆ సందర్భమున రాహేలు అను తల్లి తన బిడ్డలకై యేడ్చుచు ఓదార్పు పొందనొల్లకున్నదన్న పూర్వపు ప్రవక్త మాటను జ్ఞప్తికి తెచ్చెను. ఆ తల్లిని “ఏడువకుము” అని మత్తయి మందలింపలేదు. ఆమె రోదనమును జన్మవృత్తాంతములోనే భాగముగా నిలిపి ఉంచెను. పాశ్చాత్య సంఘముల పంచాంగములో డిసెంబరు 28వ తేది ఆ బిడ్డల స్మరణదినము. అనగా క్రిస్మస్ వెలుగు ఆరకముందే మూడవనాడు వచ్చును.

ఇక యేసు స్వయముగా దుఃఖపడిన సంగతి. బేతనియలో స్నేహితుడైన లాజరు చనిపోయి నాలుగు దినములైనది. అతనిని లేపబోవుచున్నానని తెలిసియును, సమాధి చెంత యేసు కన్నీరు విడిచెనని యోహాను చెప్పుచున్నాడు. రానున్న సంతోషమును ఎరిగినవాడే అట్లు ఏడ్చినపుడు, ఎరుగని మనము ఏడ్చుట అవిశ్వాసమెట్లగును? కీర్తనల గ్రంథములోని 150 కీర్తనలలో మూడవవంతు వరకు మొఱలును, విలాపములునే. వానిలో 88వ కీర్తన చీకటి అను మాటతోనే ముగియును. చివర వెలుగు రేఖ కూడ కనబడదు. అయినను యూదులును, క్రైస్తవులును దానిని ప్రార్థనల పుస్తకమునుండి తీసివేయలేదు. దేవునితో మొఱపెట్టుకొనుట కూడ ప్రార్థనయేనని వారి భావము.

థెస్సలొనీకయలోని సంఘమునకు పౌలు వ్రాసిన లేఖను కొందరు తప్పుగా ఉదాహరింతురు. దుఃఖపడకుడని ఆయన చెప్పలేదు. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని చెప్పినాడు. ఈ రెండు మాటల నడుమ ఎంతో భేదమున్నది. మొదటిది కన్నీటిని ఆపుమనును. రెండవది కన్నీటికి ఒక దిక్కు చూపును. చనిపోయినవాడు దేవుని చేతిలోనున్నాడు, మరల కలిసికొందుము — ఇది క్రైస్తవుని నమ్మిక. ఈ నమ్మిక వియోగమును లేనిదిగా చేయదు. అది తుదిమాట కాదని మాత్రము చెప్పును.

మంజీర ఒడ్డున ఒక నిదర్శనము

ఈ సంగతి గ్రంథములలోనే గాక మన నేలమీదను కనబడును. నిజాంసాగర్ ఆనకట్ట మంజీర నదిపై 1923లో ఆరంభమై 1931లో పూర్తియైనది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో కట్టిన ఈ జలాశయము కరవుసీమకు వరిని, చెరకును తెచ్చినది. కాని నీరు నిలిచినచోట ఊళ్లు లేచిపోవలసివచ్చినది. ఊరు మునిగినపుడు ఊరి శ్మశానమును మునుగును. తాతముత్తాతలను పాతిపెట్టిన చోట దీపము పెట్టుటకైనను వీలులేని దుఃఖము ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు.

అదే మంజీర పరీవాహమున, ఎగువనున్న మెదకులో అదే కాలమున మరియొక కట్టడము లేచినది. ఆంగ్ల మెథడిస్టు మిషనరీయైన చార్లెస్ వాకర్ పాస్నెట్ అచ్చట గొప్ప దేవాలయమును 1914లో ప్రారంభించెను. అది ప్రపంచ యుద్ధకాలము, దక్కనులో కరవు, 1918లో ఇన్‌ఫ్లుయెంజా దేశమంతట లక్షలాది ప్రాణములను బలిగొన్నది. పాస్నెట్ ఆకలిగొన్నవారికి ఊరక భిక్ష పెట్టుటకు బదులు పని కల్పించి, కూలికి తిండి పెట్టెను. ఆ పనివారి చేతులతో 175 అడుగుల గోపురము, 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు గల ఆలయము సిద్ధమై, 1924వ సంవత్సరము డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, ప్రతిష్ఠింపబడినది. 2024లో దానికి నూరేండ్లు నిండినవి. ఆనాడు ఆ ముంగిట నిలిచిన జనములో ఆ పదేండ్లలో ఇంటివారిని పోగొట్టుకొనని కుటుంబములు బహు కొలదిగా నుండియుండును. వారు దుఃఖము తీరిన తరువాత పండుగ చేసికొనలేదు. దుఃఖముతోనే రాళ్లు మోసి, దుఃఖముతోనే పండుగకు వచ్చినారు.

ఆ ఆలయమున మూడు పెద్ద వర్ణగవాక్షములు కలవు. క్రీస్తు ఆరోహణమును చూపునది 1927లోను, జననమును చూపునది 1947లోను, సిలువ మరణమును చూపునది 1958లోను అమర్చబడినవి. క్రిస్మస్ ఆరాధనకు వచ్చినవారు జననచిత్రము నొక్కటినే చూచి వెడలిపోవుటకు వీలులేదు. అదే కప్పు క్రింద మరణమును ఉన్నది, మరణమును దాటినదియు నున్నది. వెలితిపడిన ఇంటివారు పండుగనాడు కూర్చుండదగిన చోటు అట్టిదే.

నిజామాబాదు చెంతనున్న డిచ్‌పల్లిలో 1915లో వెలసిన విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి మరియొక నిదర్శనము. స్కాట్లండు దేశపు వైద్యురాలు ఇసబెల్ కెర్ దానిని నెలకొల్పగా, స్థానికుడును హిందువునైన రాజా నర్సాగౌడ్ ధనసహాయము చేసెను. ఆ కాలమున ఆ వ్యాధి సోకినవారు బ్రదికియుండగనే ఇంటికి దూరమైరి. మరణము లేకయే కలిగిన వియోగమది. వారికి తిరిగి ఒక ముంగిలి, ఒక పని, తోడి మనుష్యులు దొరికినది అచ్చట. ఒకరి దుఃఖమును తీర్చుటకు ఇరుమతములవారు చేతులు కలిపిన ఈ కథను పండుగవేళ తలచుకొనుట మంచిది.

ఈనాడు ఈ జిల్లాలలో మరియొక విధమైన వియోగమున్నది. నిజామాబాదు, కామారెడ్డి ప్రాంతములనుండి వేలకొలది యువకులు గల్ఫ్ దేశములకు పనికి పోవుచున్నారు. అచ్చట ఒకరు మరణించినచో కాగితముల పని తీరి శవపేటిక ఊరు చేరుటకు దినములు, ఒక్కొక్కపుడు వారములు పట్టును. అంతవరకు ఆ యింట ఏడ్చుటకును లేదు, ఊరకుండుటకును లేదు. క్రిస్మస్‌కు ముందు వచ్చు నాలుగు ఆదివారములను సంఘము ఆగమనకాలమని పిలుచును. అది నిరీక్షించు కాలము. ఎదురుచూచుట ఎంత బరువైనదో ఆ యింటివారికి వేరుగా బోధింప నక్కరలేదు. సంఘము చేయదగినది వారితో కలిసి ఎదురుచూచుటయే.

ఓదార్పు మాటలు — గాయపరచు మాటలు

యోబు బిడ్డలను, సర్వమును కోల్పోయినపుడు ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేలపై కూర్చుండిరి. ఎవరును నోరు విప్పలేదు. వారు చేసిన మంచిపని అదియే. నోరు విప్పి కారణములు చెప్పనారంభించిన పిమ్మటనే వారు అతనిని బాధించినారు. మనమును పరామర్శకు పోయి, “దేవుడు ప్రేమించి తీసికొన్నాడు”, “నీ విశ్వాసమును పరీక్షించుచున్నాడు”, “పండుగపూట కన్నీరు పెట్టకూడదు” అని అందుము. మన ఉద్దేశము మంచిదే. కాని బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి, దేవుడు తన బిడ్డను కోరి లాగుకొన్నాడన్న మాట ఓదార్పు కానేరదు; అది దేవునిపై భయమును పుట్టించును. దానికి బదులు, “మీ నాయన పోయిన యేడు ఈ పాటను ఎంత బాగుగ పాడినాడో నాకు జ్ఞాపకమున్నది” అని చెప్పి ఊరకున్నను చాలును. చనిపోయినవారి పేరు ఇతరుల నోట వినుట దుఃఖితులకు భారము కాదు, ఊరట.

విశ్వాసమే కదలిపోయినదని బాధపడువారును ఉందురు. క్రైస్తవమతమును సమర్థించుచు ఎన్నో గ్రంథములు వ్రాసిన ఆంగ్ల రచయిత సి. ఎస్. లూయిస్ భార్య 1960లో మరణించినది. ఆయన తన వేదనను, దేవుని మౌనముపై తనకు కలిగిన ఆగ్రహమును దాచక వ్రాసి, 1961లో మారుపేరుతో ప్రకటించెను. అంతటి పండితుడే తడబడినాడు. కావున ప్రార్థన నోటికి రాలేదని ఎవరును తమను తాము నిందించుకొన నక్కరలేదు. అట్టివేళ వారి బదులు సంఘము ప్రార్థించును. వారు కూర్చుండి వినిన చాలును.

ఈ పండుగకు ఏమి చేయవచ్చును?

మొదటిది, ఇంటివారందరు ముందుగా కూర్చుండి మాట్లాడుకొనవలెను. ఒకే యింట ఒకరికి నక్షత్రము కట్టవలెననియుండును, మరొకరికి దానిని చూడలేననియుండును. ఇద్దరును తప్పు కారు. పండుగనంతయు చేయుట, పూర్తిగా మానుట అను రెండు మార్గములే లేవు. పది పిండివంటలకు బదులు ఒక్కటి చేయవచ్చును. ప్రాతఃకాలపు ఆరాధనకు పోయి విందులకు పోకుండవచ్చును. చిన్నపిల్లలున్న ఇంట వారి పండుగను పూర్తిగా తుడిచివేయరాదు. తాత పోయినాడు గనుక తాము నవ్వుట తప్పని పసివారు తలచుకొందురు. తప్పు కాదని పెద్దలు వారితో నోరు తెరచి చెప్పవలెను.

రెండవది, పోయినవారికి ఆ దినమున ఒక చోటు కల్పించుట. మన క్రైస్తవులు నవంబరు 2న సమాధుల పండుగనాడును, పెక్కుచోట్ల ఈస్టరు వేకువనను సమాధులకు సున్నము వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగింతురు. క్రిస్మస్ ముందటి సాయంకాలమును అట్లు పోయి రావచ్చును. సమాధి దూరదేశమున నున్నను, నీట మునిగినను, ఇంటిలోనే ఒక కొవ్వొత్తి వెలిగించి, పేరు చెప్పి, వారి మేలును తలచి ప్రార్థింపవచ్చును. వారు కట్టు నక్షత్రమును మనుమడు కట్టవచ్చును.

మూడవది, వారి పేర ఒక మేలు. వారికి కొనవలసిన కొత్తబట్టను వేరొక వృద్ధునికి ఇచ్చుట, వారి పంక్తి విస్తరిలో ఒక బాటసారిని కూర్చుండబెట్టుట — ఇట్టి పని చేతులకు దొరికినపుడు హృదయభారము కొంత దిగును. మెదకులో రాళ్లు మోసినవారు ఎరిగిన రహస్యమిదియే.

నాలుగవది సంఘము చేయవలసినది. పాటల బృందము ఆ గుమ్మమును దాటిపోవుటకు బదులు పగటివేళ ఒకరు పోయి, “రాత్రి వచ్చి పాడమందురా?” అని అడుగవలెను. ఒప్పుకొన్నచో ఉత్సాహగీతమునకు బదులు ఒక నెమ్మది కీర్తన పాడి, ప్రార్థించి రావచ్చును. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైనవారి కీర్తనలలో పండుగ ఇంటికి తగినవియు, దుఃఖించు ఇంటికి తగినవియు ఒకే పుస్తకమున ప్రక్కప్రక్కన నున్నవి. పాశ్చాత్య దేశములలో పెక్కు సంఘములు డిసెంబరు 21 ప్రాంతమున, దీర్ఘమైన రాత్రినాడు, దుఃఖితుల కొరకు ప్రత్యేక ఆరాధన జరుపుచున్నవి. మనకు డిసెంబరు 31 రాత్రి జరుగు వాచ్‌నైట్ ఆరాధన ఉండనే యున్నది. ఆ రాత్రి కొత్త సంవత్సరమునకు స్వాగతమిచ్చుటకు ముందు, గడచిన ఏట పోయినవారి పేర్లను చదివి, ఒక నిమిషము మౌనముగా నిలిచినచో ఆ ఇండ్లవారికి ఎంతో ధైర్యము కలుగును.

ఐదవది, కొన్ని దుఃఖములకు ప్రార్థనతోపాటు వైద్యమును కావలెను. నెలలు గడచినను నిద్రాహారములు లేకుండుట, పనియందు మనస్సు నిలువకుండుట, బ్రతుకుపై విరక్తి కలుగుట కనబడినచో ఉపేక్షింపరాదు. 2022లో అమలులోనికి వచ్చిన ప్రపంచ ఆరోగ్యసంస్థ వ్యాధుల పట్టికలో, ఆరు నెలలకు పైగా ఏ మాత్రము సడలక మనిషిని కుంగదీయు దుఃఖమునకు ప్రత్యేక స్థానము ఈయబడినది. అదే సంవత్సరము అక్టోబరులో మన దేశమున టెలీ మానస్ అను ఉచిత సేవ ప్రారంభమైనది. 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. వైద్యుని చెంతకు పోవుట విశ్వాసలోపము కాదు. క్రిస్మస్ కథను విపులముగ వ్రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడని పేర్కొన్న సంగతి మరువరాదు.

నిజాంసాగర్ కట్టను చూచినవారికి ఒక విషయము తెలియును. నీటిని ఆపుటకే కట్ట కట్టినను, దానికి తలుపులు పెట్టినారు. వరద వచ్చినపుడు తలుపులు ఎత్తనిచో కట్టయే తెగును. ఎత్తినచో ఆ నీరే దిగువ పొలములకు పోవును. మనిషి దుఃఖమునకును అట్టి తలుపులు కావలెను. ఏడ్చుట ఒకటి, పేరు చెప్పుకొనుట ఒకటి, పాట ఒకటి, ప్రార్థన ఒకటి, ఇతరుల ఆకలి తీర్చుట ఒకటి.

ఈ క్రిస్మస్ నాడు మీ వీధిలో నక్షత్రము వెలుగని ఇల్లు ఏదియో ఒకసారి చూడుడు. అరిసెలు పంపుటతో సరిపెట్టక, ఆ గిన్నె మీరే పట్టుకొని పోయి, కొంతసేపు కూర్చుండి రండు. ఆ యింటివారు మీరే యైనచో, తలుపు గడియ మాత్రము వేసికొనకుడు. రేడియో పెట్టుకొనుటకు మనసొప్పినచో పెట్టుకొనుడు; ఒప్పనిచో ఆపివేయుడు, మేము నొచ్చుకొనము. పాటలు మరుసటి యేడును ఉండును.